పాస్‌వర్డ్ కోడ్‌లో పెట్టొద్దు, దానంతట అదే మారనీ

ఆదోని తమ్ముడొకడు తన ప్రాజెక్ట్ పంపినాడు. మార్కెట్ యార్డులో పత్తి రేట్లు చూపించే యాప్. బాగుంది. కానీ డేటాబేస్ పాస్‌వర్డ్ కోడ్‌లోనే ఉంది, ఆ కోడేమో గిట్‌హబ్‌లో పబ్లిక్‌! ఆ లైన్ తీసేస్తే సరిపోదు తమ్ముడూ, పాత కమిట్లలో అట్లే ఉంటుంది. ముందు పాస్‌వర్డ్ మార్చు.

తర్వాత దాన్ని ఏడబ్ల్యూఎస్ సీక్రెట్స్ మేనేజర్‌లో పెట్టు. 2018లో వచ్చిన సర్వీస్ ఇది. యాప్ కూడా ఏడబ్ల్యూఎస్‌లోనే నడుస్తుంటే, ఐఏఎం రోల్ ఇస్తే చాలు, పాస్‌వర్డ్ అడిగి తెచ్చుకుంటుంది. ఇంకో తాళంచెవి దాచే పని లేదు.

రొటేషన్ ఆన్ చేస్తే ఒక లాంబ్డా ఫంక్షన్ కొత్త పాస్‌వర్డ్ తయారుచేస్తుంది, డేటాబేస్‌లో మారుస్తుంది, దాంతో లాగిన్ అయి చూస్తుంది. అది పనిచేస్తేనే 'కరెంట్' అనే లేబుల్ దానికి తగిలిస్తుంది. ఆ మూడో మెట్టే నాకు బాగా నచ్చేది.

చాలామంది దెబ్బతినేది ఇంకోచోట. యాప్ స్టార్ట్ అయినప్పుడు ఒక్కసారే పాస్‌వర్డ్ తెచ్చి పెట్టుకుంటారు. రొటేషన్ అయినాక కొత్త కనెక్షన్లు ఫెయిల్! ఎమ్మిగనూరులో నూలు గోడౌన్ తాళం మార్చినాక పాత చెవి పట్టుకుని నిలబడినట్టు. లాగిన్ ఫెయిలైతే మళ్లీ అడిగి తెచ్చుకునేలా రాయండి.

ఖర్చంటారా, ఒక్కో సీక్రెట్‌కి నెలకు 0.40 డాలర్లు, పైన అడిగినన్ని సార్లకు కొంచెం. అదీ వద్దంటే పారామీటర్ స్టోర్‌లో స్టాండర్డ్ రకం ఫ్రీ, కానీ రొటేషన్ మీరే చూసుకోవాలి. డౌట్లుంటే కామెంట్ పెట్టండి.