అమ్మలు తెరిచిన గది



మన చేతికి పలక వచ్చింది. మరి చెయ్యి తిరగని బిడ్డ ఎలా రాయాలి?

అమెరికాలో బర్క్‌లీ అని ఒక ఊరుంది. అక్కడ జాకీ అనే తల్లి కూతురికి వైకల్యం. 1983లో ఆమె, మరికొందరు తల్లిదండ్రులు కలిసి ఒక కంప్యూటరు కేంద్రం తెరిచారు. కంప్యూటరు ఖరీదైన వస్తువు. కొనకముందే బిడ్డకు పనికొస్తుందో లేదో అక్కడ చూసుకునే వీలుండేది.

వేళ్లు కదలకపోతే తలతో మీట నొక్కొచ్చు. ఎలాగంటారా? తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. కావలసిన అక్షరం వెలగగానే మీట నొక్కాలి. అది తెరమీద పడుతుంది. ఒక్క మాటకు ఎంత ఓపిక కావాలో! అయినా ఆ మాట బిడ్డ సొంతం.

1987లో ఇలాంటి కేంద్రాలు సంఘంగా ఏర్పడ్డాయి.

ఇప్పుడు చూపులేని వారికి చేతిఫోనే తెలుగు చదివి వినిపిస్తుంది. మీ వీధిలో అలాంటి వారుంటే ఆదివారం వెంటబెట్టుకు రండి. నా ఫోనుంది. కూర్చుని చూద్దాం.