పరీక్ష మారిన ప్రతిసారీ: గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం



ఆగస్టు 29న గిడుగువారి గురించి మాట్లాడమంటే ఎవరికైనా ముందు భాషే గుర్తొస్తుంది. 1863లో ఈ రోజున పర్వతాలపేటలో పుట్టిన ఆ మనిషి పేరు మీదే కదా తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. నేను ఇవాళ ఆయన్ని బడిపంతులుగా తలుచుకుంటాను. 1880లో పర్లాకిమిడిలో 30 రూపాయల జీతానికి మొదటి ఫారం పిల్లలకు పాఠం చెప్పడానికి చేరేనాటికి ఆయనకు నిండా పదిహేడేళ్లు. ఆ తర్వాత సుమారు మూడు దశాబ్దాలు పాఠాలు చెబుతూనే ఉన్నారు. ఆయన చూస్తుండగానే పరీక్షలు మారాయి. ఏది సరైన తెలుగు అన్న కొలత కూడా మారబోయి మళ్లీ వెనక్కి పోయింది. ఇన్ని మార్పుల్లోనూ ఆయన ఒక ప్రశ్నను వదల్లేదు. ఈ పిల్లవాడికి ఇప్పటికే వచ్చినదాన్ని మనం లెక్కలోకి తీసుకుంటున్నామా అన్నదే ఆ ప్రశ్న. ఈ సాయంత్రం దాన్ని పట్టుకుని రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లి, అక్కణ్నుంచి మన పదో తరగతి గది దాకా నడిచొస్తాను.

1822లో మద్రాసు గవర్నరు మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. 1826 నాటికి తేలిన మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక వీటిలో ఎన్నదగింది. ఆయన తెలుగుకు వ్యాకరణం రాసినవాడు, నిఘంటువు కూర్చినవాడు. ఆయన జిల్లాలో 533 బడులుంటే అందులో 226 తెలుగువి. పొద్దున్నే బడికి ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడి నుంచి దెబ్బలు మొదలు, వెనకొచ్చినకొద్దీ ఒక్కొక్కటి ఎక్కువ. ఇసుకలో అక్షరాలు దిద్దించడం, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించడం ఆయనకు నచ్చాయి. అంత తక్కువ ఖర్చుతో చదువు సాగడం మెచ్చుకున్నాడు.

ఆయన పట్టుకున్న లోపం ఒకటుంది. పిల్లలు పద్యాలు వందలకొద్దీ అప్పజెబుతారు గానీ అర్థం విషయానికొస్తే చిలకకు తెలిసినంతే వాళ్లకూ తెలుసని రాశాడు. పుస్తకాల్లోని భాష ఇంట్లో మాట్లాడే భాష కాకపోవడమే కారణమని గ్రహించాడు. గిడుగువారు పుట్టడానికి నలభయ్యేళ్ల ముందు రాసిన మాట ఇది. రోగం ఏమిటో అప్పటికే తెలుసు. అయినా మనం ఆ తర్వాత పరీక్షల మీద పరీక్షలు పెట్టుకుంటూ పోయాం.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది, దానితో మెట్రిక్యులేషన్ వచ్చింది. ఆ పరీక్ష గట్టెక్కితే గుమాస్తా ఉద్యోగం, గట్టెక్కకపోతే పొలం. పరీక్ష బతుకును రెండుగా చీల్చడం మన ఊళ్లలో అక్కణ్నుంచే మొదలైంది. చిన్న బడుల సంగతి మరోలా ఉండేది. ఫలితాన్నిబట్టి గ్రాంటు అనే పద్ధతి ఒకటి చాలా ఏళ్లు నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు. ఎందరు ఎన్ని విషయాల్లో నెగ్గితే బడికి అంత డబ్బు. ఆ రోజుల అయ్యవారిని తలుచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. ఇన్‌స్పెక్టరు దిగిన రోజున ఓ పిల్లవాడికి జ్వరమొస్తే ఇంట్లో గిన్నె ఖాళీ. అటువంటివాడు నిదానంగా నేర్చుకునే పిల్లవాడి దగ్గర ఎంతసేపని కూర్చుంటాడు? ఇవాళ వందశాతం ఫలితాల పట్టికలో తన పేరు కోసం గుండె దడతో వెతుక్కునే ఉపాధ్యాయుడు ఆ అయ్యవారికి మనవడే.

1911 దగ్గర కాస్త నిలబడదాం. అప్పటికి మెట్రిక్యులేషన్ స్థానంలోకి స్కూల్ ఫైనల్ వచ్చేసింది. ఆ సర్టిఫికెట్ పుస్తకంలో పబ్లిక్ పరీక్ష మార్కులతో పాటు బడిలో ఏడాది పొడుగునా చేసిన పని తాలూకు మార్కులు కూడా ఎక్కేవి. ఇంటర్నల్ మార్కులు మన కాలంలో పుట్టాయనుకునే యువ ఉపాధ్యాయులకు ఈ సంగతి చెప్పాలనిపించింది. ఒక్కరోజు పరీక్షతో పిల్లవాణ్ణి తూచకూడదన్న ఆలోచనకు నూరేళ్లు దాటాయి.

ఆ మార్పుతోనే సొంతంగా తెలుగులో వ్యాసం రాయవలసిన అవసరం కూడా పెరిగింది. అసలు చిక్కు అక్కడ మొదలైంది. ఏ తెలుగులో రాయాలి? యేట్స్ అనే ఇంగ్లీషు ఇన్‌స్పెక్టరు ఉత్తర సర్కారు జిల్లాలకు వచ్చి తెలుగు నేర్చుకోబోయి, పుస్తకంలో ఉన్నట్టు ఊళ్లో ఎవరూ మాట్లాడకపోవడం చూసి, ఎందుకిలా అని ఉపాధ్యాయుల్ని అడిగాడు. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు ఈ ప్రశ్న చుట్టూ చేరారు. 1912–13లో స్కూల్ ఫైనల్ వ్యాసం కావ్యభాషలోగానీ వాడుక భాషలోగానీ రాయవచ్చన్న అనుమతి వచ్చింది. పరీక్ష గదిలో కుర్రవాడికి తన నోటి మాట వాడుకునే హక్కు అప్పుడే తొలిసారి దక్కింది.

ఆ అనుమతి నిలవలేదు. జయంతి రామయ్య పంతులు వంటి పెద్దలు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా అడ్డుపడ్డారు. విశ్వవిద్యాలయం వేసిన సంఘం చాలాకాలం తర్జనభర్జన పడింది. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు, మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది.

వ్యతిరేకించినవారిని నేను తేలిక చేసి మాట్లాడను. ప్రమాణం సడలితే చదువు పలచబడుతుందని వాళ్లు నిజంగా భయపడ్డారు. నేటికీ పరీక్ష తీరు మారినప్పుడల్లా ఆ భయమే మళ్లీ వినిపిస్తుంది. దానికి గిడుగువారు చెప్పిన జవాబు నాకు చాలా ఇష్టం. పండితుల రచనలే తీసుకుని వాళ్ల వ్యాకరణంతోనే వాటిని దిద్ది చూపించారు. తప్పులు కుప్పలుగా తేలాయి. జీవితమంతా ఆ భాషలోనే మునిగిన మహామహులకే పట్టుబడనిది పదిహేనేళ్ల పిల్లవాడికి మూడు గంటల్లో పట్టుబడాలా? అందుకోలేని కొలత పెట్టి, అందుకోలేదని పిల్లవాణ్ణి నిందించడం అన్యాయమని ఆయన వాదం. 1919లో వీరేశలింగం పంతులుగారు కూడా ఈ పక్షానికి వచ్చి, వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షులయ్యారు. పాఠ్యపుస్తకాలు, జవాబుపత్రాలు పూర్తిగా ఇటు తిరగడానికి మాత్రం ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడ్డాక గానీ కళాశాల పుస్తకాలు మన మాటకు దగ్గరపడలేదు. ఈలోగా ఎన్ని తరాల పిల్లలు తెలివి ఉండీ తెలుగులో తప్పారో తలుచుకోండి.

ఈ పోరాటానికి ఎంతో ముందే గిడుగువారు సవర గిరిజనుల దగ్గరికి వెళ్లారు. ఆయన గొప్ప పాఠం ఇక్కడ ఉందని నా నమ్మకం. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లోని సవరల మాటకు లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి వాళ్ల భాషలోనే పాఠాలు చెప్పించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడులు పెట్టమన్నారు. అక్కడ ఆయన వరస ఇది: ముందు పిల్లవాడి మాట మాస్టారు నేర్చుకున్నాడు, ఆ తర్వాతే మాస్టారి మాట పిల్లవాడు నేర్చుకున్నాడు.

స్వాతంత్ర్యం తర్వాతి ముచ్చట త్వరగా చెప్పి ముగిస్తాను. 1986లో జాతీయ విద్యావిధానం, 1991లో కనీస అభ్యసన స్థాయిలు, మన రాష్ట్రంలో కృత్యాలతో బోధించమన్న ప్రాథమిక విద్యా పథకం, 2005లో జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చాయి. ప్రతిసారీ మంచి మాటలే చెప్పారు, ప్రతిసారీ మనకు రెండు మూడు రోజుల శిక్షణ ఇచ్చి పంపారు. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చి ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఆపవద్దంది. 2019లో సవరించి అయిదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపవచ్చంది. ఆపడమా పంపడమా అన్న వాదనలో, ఆ పిల్లవాడికి చదవడం ఎలా నేర్పాలన్న మాట ఎక్కడో జారిపోయింది.

ఇక్కడున్న చాలామందికి పదో తరగతి పరీక్ష తీరు మారిన ఏడాది కళ్లముందే ఉంటుంది. పదో తరగతికి నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. పబ్లిక్ పరీక్షకు 80, బడిలో పనికి 20. పాఠం వెనకున్న ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టుగా ఇవ్వబోమన్నారు. తెలుగులో అవగాహన–ప్రతిస్పందన, వ్యక్తీకరణ–సృజనాత్మకత, భాషాంశాలు అంటూ విద్యాప్రమాణాలు విడదీశారు. ఆ పత్రం చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది. పిల్లవాడు సొంతంగా ఆలోచించి రాసినదానికి మార్కు వేయమని మనకు రాతపూర్వకంగా చెప్పడం చిన్న విషయం కాదు.

ఆచరణలో ఏమైందో మనందరికీ తెలుసు. సొంత జవాబులకూ గైడ్లు వచ్చాయి. ప్రాజెక్టు పనులు అచ్చువేసి అమ్మారు. రిజిస్టర్లు నింపడంలోనే మా సాయంత్రాలు గడిచిపోయాయి. ఇరవైకి ఇరవై వేయకపోతే పక్కబడి పిల్లలకన్నా మన పిల్లలు వెనకబడతారన్న బెంగతో నేను కూడా చెయ్యి వదులు చేశాను. ఇది ఈ సభలో చెప్పి తీరాలి.

ఆ తర్వాత మార్పులు వరదలా వచ్చాయి. 2020, 2021ల్లో కరోనా వల్ల పదో తరగతి పరీక్షలే జరగలేదు. 2022లో పేపర్లు తగ్గించి పెట్టారు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఉత్తీర్ణత 67.26 శాతం. రెండేళ్లు బడి ముఖం సరిగా చూడని పిల్లలు వాళ్లు. గ్రేడ్లు పోయి మార్కులు తిరిగి వచ్చాయి. కొన్ని ప్రభుత్వ పాఠశాలలు సీబీఎస్ఈకి వెళ్లి, 2024లో మళ్లీ రాష్ట్ర బోర్డుకు వచ్చాయి. పరీక్ష తెలుగులో రాయాలా ఇంగ్లీషులో రాయాలా అన్న ప్రశ్న మళ్లీ లేచింది. 1912లో కావ్యభాషా వాడుక భాషా అని తేలక నలిగిపోయిన కుర్రవాడి చోట ఇవాళ మన పిల్లలు నిలబడ్డారు.

ఈ తుఫాన్ల మధ్య నిలిచిన పని ఒకటి చూశాను. 2022లో తెలంగాణలో తొలిమెట్టు మొదలైంది. ప్రాథమిక బడిలో ఏ తరగతిలో కూర్చున్నా సరే, పిల్లవాడికి అక్షరం వచ్చా, పదం వచ్చా, వాక్యం వచ్చా అని ముందు చూసి, అక్కణ్నుంచి నేర్పమంటుంది. ఇక్కడ పరీక్ష పాసు ఫెయిలు తేల్చదు, రేపు ఏ పాఠం మొదలుపెట్టాలో ఉపాధ్యాయుడికి చెబుతుంది. గిడుగువారు సవర పిల్లల కోసం చేసిన పని ఇదే. విధానాలు రాసేవారికి నా విన్నపం కూడా ఇక్కడే ఉంది. కొత్త ప్రశ్నపత్రం తెచ్చేముందు, ఆ పత్రానికి పిల్లల్ని తయారుచేయడానికి ఉపాధ్యాయుడికి కనీసం రెండేళ్లు ఇవ్వండి. నడుమ మార్చకండి. ఎనిమిదో తరగతిలో ఒక పద్ధతికి అలవాటుపడ్డ పిల్లను పదిలో ఇంకో పద్ధతితో తూచకండి.

ఒక సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను.

నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చిన తొలి ఏడాది, జనవరిలో సాయంత్రం స్పెషల్ క్లాసు. సీతంపేట వైపు కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర అమ్మాయి ఒకతె మా బడిలో చదివేది. వెనకబడిన పిల్లల్ని తలా కొందరిని దత్తత తీసుకోమన్నారు. ఆమె నా వంతుకు వచ్చింది. సెలవుల్లో ఏంచేశావో స్నేహితురాలికి లేఖ రాయమంటే, గైడులోని విశాఖపట్నం విహారయాత్ర ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసింది. ఆ పిల్ల సముద్రం చూడలేదు. నిజంగా ఏంచేశావమ్మా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. అమ్మతో కొండ మీదికి వెళ్లి చీపురుగడ్డి కోసిందట. దులిపి, ఆరబెట్టి, కట్టలు కట్టి, తెల్లారక ముందే నెత్తిన పెట్టుకుని సంతకు దిగిందట. అదే రాయమన్నాను.

“దీనికి మార్కులేస్తారా మాస్టారూ?” అంది.

వేస్తారన్నాను. ఆ పేపరు ఎవరు దిద్దుతారో, ఏం వేస్తారో నాకు మాత్రం ఏం తెలుసు? అయినా అన్నాను. ఆమె పేజీన్నర రాసింది. ఇంటికి తీసుకెళ్లి దిద్దుతుంటే నాకు తెలియని మాటలు మూడు కనబడ్డాయి. ఎర్రపెన్నుతో గీత గీయబోయి ఆగాను. మర్నాడు పిలిచి అవేమిటని అడిగాను. అవి సవర మాటలు. నా బల్ల పక్కన నిలబడి ఒక్కోదానికీ అర్థం చెప్పింది. నేను మార్జిన్‌లో రాసుకున్నాను.