శుక్లాల ఆపరేషను తరువాత మధుమేహ రోగులు తీసికొనవలసిన జాగ్రత్తలు

(ప్రసంగ పాఠము)



కోతలు ముగిసిన పిమ్మట మన గ్రామాలలో పెద్దవారు చాలమంది కంటి శుక్లాలకు ఆపరేషను చేయించుకొందురు. మసకబారిన కటకమును తీసి కృత్రిమ కటకమును అమర్చుట నేడు కొద్ది నిమిషముల పని. మరునాడే గోడమీది కేలండరు చదివినవారు కలరు. కాని మధుమేహము, అనగా చక్కెర జబ్బు, ఉన్నవారికి పని అంతటితో తీరలేదు. ఆ సంగతి చెప్పుటకే మీ ముందుకు వచ్చితిని.

కంటిలో వెనుక వైపున రెటీనా అను పలుచని తెర కలదు. మనము చూచు బొమ్మ దానిమీదనే పడును. చక్కెర చాలకాలము హెచ్చుగా ఉన్నచో అందులోని సన్నని రక్తనాళములు బలహీనపడును. గట్టు మెత్తబడిన కాలువనుండి ప్రక్క మడిలోనికి ఊట దిగుట మీరెరిగినదే. అట్లే ఈ నాళములనుండి నీరు ఊరి, చూపునకు కేంద్రమైన చోటు ఉబ్బును. ఆపరేషను ఎంత బాగుగా జరిగినను కంటిలో కొంత వాపు తప్పదు. ఆ వాపు ఈ ఊటను హెచ్చించును.

ఇది తరచు నాలుగు నుండి ఆరు వారములకు బయటపడును. అనగా, "బాగైపోయినది" అని చుక్కల మందు మాని పొలమునకు పోవు రోజులలో! నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. అక్షరముల నడుమ మసకగా ఉండును. తిన్నని గీత వంకరగా తోచును. రెండవ కన్ను బాగున్నచో ఇది తెలియనే తెలియదు. కావున రోజూ ఒక కన్ను మూసి రెండవ కంటితో కేలండరు చదివి చూచుకొనవలెను. "మరల పొర వచ్చినదిలే" అని ఊరకుండరాదు. పొర వచ్చుట నిజమే గాని, అది సాధారణముగా నెలలు, ఏండ్లు గడచిన తరువాత వచ్చును, లేజరుతో సరిచేయుదురు. ఈ ఉబ్బు వేరు. త్వరగా చూపించినచో చుక్కలతోను, అవసరమైనచో కంటిలోనికిచ్చు ఇంజెక్షనుతోను తగ్గింపవచ్చును. జాగు చేసినచో పోయిన చూపు పూర్తిగా రాకపోవచ్చును.

ఆపరేషనుకు ముందే రెటీనాను పరీక్షింపుమని వైద్యుని అడుగవలెను. అది చెడియున్నచో దానికి చికిత్స ముందు జరుగుట మేలు. శుక్లము బాగా ముదిరినచో లోపలి రెటీనా వైద్యునికే కనబడదు. "ముదరనిమ్ము, తరువాత చూతము" అనుట పాతకాలపు మాట. మరియొకటి: రక్తపరీక్షకు రెండు దినములు ముందు పస్తుండి చక్కెర తగ్గించుకొని వచ్చువారు ఉన్నారు. మూడు నెలల సగటు తెలుపు హెచ్‌.బి.ఎ.1.సి. పరీక్షను ఆ విధముగా మోసగింపలేరు.

చుక్కల మందు వైద్యుడు వ్రాసినన్ని వారములు వేయవలెను. మధుమేహము ఉన్నవారికి వాపు తగ్గించు చుక్కలు మరికొంత కాలము వ్రాయుట కలదు. సబ్బుతో చేతులు కడుగుకొని, క్రింది రెప్పను లాగి ఒక చుక్క వేయవలెను. సీసా మొన కంటికి తగులరాదు. రెండు మందుల నడుమ ఐదు నిమిషముల వ్యవధి ఉండవలెను. గడువు తీరిన తరువాత మందుల దుకాణములో మీ అంతట మీరే అదే సీసా కొని వాడరాదు. కొన్ని చుక్కల వలన కంటిలో ఒత్తిడి పెరుగును.

చనుబాలు, ఆముదము, ఆకు పసరు కంటిలో పోయరాదు. చెరువు స్నానము, నూర్పిడి దుమ్ము, పురుగుమందు చల్లుట, బస్తాలు మోయుట వైద్యుడు సెలవిచ్చువరకు మానవలెను. చీము పట్టు భయము చక్కెర జబ్బు ఉన్నవారికి హెచ్చు. కన్ను నొప్పి చేసి, ఎర్రబడి, చూపు తగ్గినచో తెల్లవారువరకు ఆగక ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. అట్టి కంటికి గంటలు కూడ లెక్కయే.

చూపు బాగున్నను కనీసము ఏడాదికొకసారి రెటీనా పరీక్ష మానరాదు. పోవునప్పుడు ఆపరేషను చీటీ, కటకము కార్డు, చక్కెర పరీక్ష కాగితములు వెంట తీసికొని పోవలెను.