కొబ్బరి నూనె: ఒంటికెంత, వంటకెంత?



కోనసీమ అనగానే ఎవరికైనా కొబ్బరి తోటలే గుర్తొస్తాయి. గోదావరి పాయల మధ్య ఉన్న నేల అది. కాయ దింపేవాళ్లు, ఒలిచేవాళ్లు, పీచు తీసేవాళ్లు, లారీలకు ఎత్తేవాళ్లు, ఇలా ఎన్నో కుటుంబాలకు కొబ్బరి చెట్టే అన్నం పెడుతుంది. 1996 నవంబరులో వచ్చిన తుఫానుకు ఆ తోటలు కూలిపోయాయి. మళ్లీ మొక్క నాటి, అది కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది. ఆ బాధ అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అంత కొబ్బరి ఉన్న చోట ఒక చిత్రం ఉంది. అక్కడ కొబ్బరి పచ్చడి చేస్తారు. కొబ్బరి అన్నం వండుతారు. లౌజు ఉండలు కడతారు. కానీ కూర తాలింపుకు మాత్రం చాలా ఇళ్లల్లో కొబ్బరి నూనె వాడరు. వేరుశనగ నూనో, పొద్దుతిరుగుడు నూనో, పామాయిలో పోస్తారు. కొబ్బరి నూనె సీసా ఉండేది పొయ్యి దగ్గర కాదు, అద్దం దగ్గర. అదే కేరళలో అయితే చేపల కూరలోకీ కొబ్బరి నూనే, తలకూ కొబ్బరి నూనే. ఎవరి అలవాటు వారిది.

ఆ కోనసీమలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక అత్త, ఒక కోడలు. కొడుకు దింపు పనికి పోతాడు. కోడలు రాత్రి బడికి వెళ్లి అక్షరాలు, అంకెలు, గడియారం చూడడం నేర్చుకుంది. వాళ్లకు నాలుగేళ్ల పాప.

ఒక సాయంత్రం కోడలు అన్నం వారుస్తోంది. పాప పరుగెత్తుకొచ్చి గంజి గిన్నెను తన్నింది. వేడి గంజి కాలి మీద పడింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. అత్త గబగబా వెళ్లి కొబ్బరి నూనె సీసా తెచ్చింది. ఆ కేకలు విని పక్కింటి ఆశా కార్యకర్త వచ్చింది.

"పెద్దమ్మా, నూనె రాయకండి! పిల్లని కుళాయి కిందికి తీసుకురండి" అంది.

"నూనె రాయకపోతే బొబ్బలెక్కవూ? మా అమ్మ ఇదే రాసేది" అంది అత్త.

"అత్తయ్యా, ఒక్కసారి ఆవిడ చెప్పినట్టు చేద్దామండి" అంటూ కోడలు పాపను ఎత్తుకుపోయింది. కాలి మీద చల్లని నీళ్లు ధారగా పోసింది. గడియారం చూసి 20 నిమిషాలు పోసింది. ఈలోగా ఆశా కార్యకర్త పాప కాలి పట్టా తీసేసింది. కాలు వాచిందంటే పట్టా బిగుసుకుపోతుంది, మరి రాదు. తర్వాత ఉతికిన పల్చటి గుడ్డ కాలి మీద వదులుగా కప్పి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు చూసి, "నీళ్లు పోసి మంచి పని చేశారు. గాయం లోతుకు పోలేదు" అన్నారు.

కాలిన వెంటనే నూనె రాస్తే ఏమవుతుంది? చర్మం లోపల వేడి ఇంకా ఉంటుంది. నూనె ఆ వేడిని బయటికి పోనివ్వదు. దుమ్ము అంటుకుంటుంది. ఆసుపత్రిలో ఆ జిడ్డు తుడవాలి. పచ్చి గాయాన్ని తుడిస్తే పిల్ల తట్టుకోలేదు. పళ్ల పేస్టు, ఇంకు, పసుపు కూడా పెట్టకూడదు. ఐసు ముక్క కూడా వద్దు.

పాప కాలు మానింది. కానీ అత్త మనసులో మాట ఉండిపోయింది. వారం తర్వాత ఆశా కార్యకర్తను పిలిచి కూర్చోబెట్టింది.

"పుట్టిన బిడ్డకు ఈ నూనె రాస్తే మంచిదని నువ్వే చెప్పావు. కాలిన పిల్లకు రాయొద్దని నువ్వే అన్నావు. ఏది నిజమమ్మా?"

"రెండూ నిజమే పెద్దమ్మా. అప్పటి చర్మం బాగున్న చర్మం. ఇప్పటిది గాయం" అంది ఆవిడ.

పసిబిడ్డ చర్మం పల్చగా ఉంటుంది. తేలిగ్గా ఆరిపోతుంది. కొంచెం కొబ్బరి నూనె అరచేతిలో వేసుకుని మెల్లగా రాస్తే చర్మంలో తేమ నిలుస్తుంది. గట్టిగా రుద్దనక్కర లేదు. ముక్కులో, చెవిలో, కంట్లో మాత్రం చుక్క కూడా వేయకూడదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. పెద్దవాళ్లకు కూడా చలికాలంలో మడమలు పగిలినప్పుడు, చేతులు పొడిబారినప్పుడు ఈ నూనె పనికొస్తుంది. పాప కాలి గాయం పూర్తిగా మానాక, ఆ చోట దురద పెడుతుంటే డాక్టరును అడిగి కొబ్బరి నూనే రాశారు. అప్పుడు అత్తకు ఎంత సంతోషమో!

తామరకు మాత్రం ఇది మందు కాదు. నల్లటి చర్మాన్ని తెల్లగా మార్చదు. అసలు మార్చాల్సిన పనేముంది?

ఇక జుట్టు సంగతి. వెంట్రుకలో ఎక్కువ భాగం మాంసకృత్తే. తల రుద్దుకున్నప్పుడు, దువ్వుకున్నప్పుడు అది కొంత పోతుంది. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, ఆ నష్టాన్ని తగ్గిస్తుంది. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కొబ్బరి నూనెను, పొద్దుతిరుగుడు నూనెను, మినరల్ ఆయిల్‌ను పోల్చి చూశారు. మూడింటిలో కొబ్బరి నూనే ఆ పని చేసింది. మన అమ్మమ్మలు తలంటుకు ముందు నూనె పెట్టేది ఊరికే కాదన్నమాట. అయితే ఊడిన చోట కొత్త జుట్టు మొలిపించడం, నెరిసిన జుట్టును నల్లబరచడం దీనివల్ల కాదు. కాన్పయిన మూడు నాలుగు నెలలకు చాలామందికి జుట్టు ఊడుతుంది. అది సాధారణంగా ఏడాదిలోపు మళ్లీ వస్తుంది. మనిషి పాలిపోయి, ఆయాసపడుతూ, జుట్టు కూడా ఊడుతుంటే ఖరీదైన నూనెలు కొనకూడదు. ఆరోగ్య కేంద్రంలో రక్తం పరీక్ష చేయించుకోవాలి. రక్తం తక్కువగా ఉంటే నూనె ఏం చేస్తుంది?

మాటల్లో అత్త ఇంకో సంగతి బయటపెట్టింది. ఎవరో ఫోన్‌లో వీడియో చూపించారట. రోజూ పరగడుపున రెండు పెద్ద గరిటెలు కొబ్బరి నూనె తాగితే బీపీ, షుగరు, బరువు అన్నీ పోతాయని అందులో చెప్పారట. అత్త నెల రోజులుగా తాగుతోంది. బీపీ మాత్రలు మానేసింది కూడా! ఆశా కార్యకర్త ఉలిక్కిపడింది. మర్నాడే ఆరోగ్య కేంద్రంలో చూపిస్తే బీపీ 170/100 ఉంది. ఆ మాట కోడలికీ తెలియదు.

కొబ్బరి నూనె విషం కాదు. అమృతమూ కాదు. అది కొవ్వు. కొవ్వుల్లో రకాలున్నాయి. గడ్డకట్టే రకం కొవ్వును సంతృప్త కొవ్వు అంటారు. అది ఎక్కువైతే రక్తంలో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. గుండె రక్తనాళాలు పూడుకునే ప్రమాదం పెరుగుతుంది. వేరుశనగ నూనెలో ఆ రకం కొవ్వు పది పాళ్లలో రెండు పాళ్లకు మించదు. కొబ్బరి నూనెలో పదికి తొమ్మిది పాళ్ల దాకా ఉంటుంది. అందుకే అది చలికి గడ్డకడుతుంది. "ఇందులో కొలెస్ట్రాల్ లేదు" అని సీసా మీద రాస్తారు. నిజమే, చెట్ల నూనెలు వేటిలోనూ దాదాపు ఉండదు. మన ఒంట్లో కొలెస్ట్రాల్ పెరగడం వేరే సంగతి. 2020లో చాలా పరిశోధనలను కలిపి లెక్క చూస్తే, ఇతర గింజల నూనెలు వాడినవారి కంటే కొబ్బరి నూనె వాడినవారిలో చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా కనిపించింది.

లెక్క చూడండి. రోజుకు 2000 క్యాలరీల తిండి తినే మనిషికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితిని బట్టి తేలుతుంది. అత్త తాగిన రెండు గరిటెల్లోనే దాదాపు అంతా ఉంది! ఇక పాలు, మాంసం, మిగతా నూనెల మాటేమిటి? తాలింపులో ఎప్పుడైనా ఒక చిన్న చెంచా రుచి కోసం వేసుకుంటే భయం లేదు. మందులాగా తాగడం మాత్రం తప్పు. మాత్రలు మానడం ఇంకా పెద్ద తప్పు.

పచ్చడిలో వేసే కొబ్బరి వేరు, నూనె వేరు. కొబ్బరి తింటే పీచు కూడా లోపలికి పోతుంది, కడుపు నిండుతుంది. నూనె అయితే పది కాయల సారం ఒక్క లీటరు సీసాలోకి దిగుతుంది.

కొనేటప్పుడు కూడా చూసుకోవాలి. 2025లో కొబ్బరి నూనె ధర బాగా పెరిగింది. ధర పెరిగితే కల్తీ కూడా పెరుగుతుంది. చిన్న గాజు సీసాలో కొంచెం పోసి, ఫ్రిజ్‌లో అరగంట పెట్టి చూడండి. మంచి నూనె అంతా గడ్డకడుతుంది. వేరే నూనె కలిసి ఉంటే అది విడిగా, పల్చగా నిలుస్తుంది. చలికాలంలో సీసాలో నూనె పేరుకుంటే "కల్తీ" అని తిరిగి ఇచ్చేసేవాళ్లున్నారు పాపం! పేరుకోకపోతేనే అనుమానించాలి.

ఆ కోడలు ఈమధ్య కొట్టుకెళ్లింది. ఒకే రంగు సీసాలు రెండు. రెండింటి మీదా కొబ్బరి చెట్టు బొమ్మే. ఒకదాని మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉంది. ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది. రెండోదాని మీద ఆ నంబరు లేదు. కింద చిన్న అక్షరాల్లో ఏవో కలిపిన పేర్లున్నాయి. కొట్టతని చేత చదివించింది. మినరల్ ఆయిల్, సువాసన అని ఉంది. మినరల్ ఆయిల్ అంటే పెట్రోలియం నుంచి తీసేది. అది తలకే, తినడానికి కాదు. ఆకుపచ్చ చుక్క చూసి తినే వస్తువే అనుకోకూడదు, ఆ చుక్క సబ్బుల మీద కూడా ఉంటుంది. ఆమె మొదటి సీసా కొంది.

ఇంట్లో పాత తలనూనె సీసా ఇంకా సగం ఉంది. రెండూ ఒకే గూట్లో ఉంటాయి. కోడలు రెండు కాగితం ముక్కలు కత్తిరించి, ఒకదాని మీద "కూరకు" అనీ, ఒకదాని మీద "తలకు" అనీ రాసి, గంజితో అంటించింది. "కూరకు"లో కొమ్ము మొదట మరిచిపోయి తర్వాత పెట్టింది. అత్తకు చదువు రాదు. అందుకని తలనూనె సీసా మెడకు ఎర్ర దారం కూడా కట్టింది.