బలము కోరేవారికి

మన రాజాం నుండి పాలకొండకు, చీపురుపల్లికి సరుకు మోసే పికప్ బండ్లు మీకు తెలుసు. కొందరు ఇంజన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించి పవర్ పెంచుకుంటారు. లోడుతో ఎత్తు సులువుగా ఎక్కుతుంది, నిజమే. కాని క్లచ్ పాతదే, ఇంజన్ వేడి మాత్రం పెరుగుతుంది. జోరుగా లాగేటప్పుడు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరిగే టర్బో, పలుచని ఆయిల్ పొరమీదే నిలుస్తుంది. ఆయిల్ సకాలంలో మార్చక మాడిపోతే, ఫైనాన్సు వాయిదాలు తీరకముందే బండి షెడ్డుకు చేరుతుంది.

సహోదరీ సహోదరులారా, శక్తి కావాలని, వరములు కావాలని మనమూ అడుగుచున్నాము. అనుదిన ప్రార్థన అనే నూనె మనలో ఉన్నదా? హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయము మన పరుగుకు ఓపికను కోరుచున్నది. శక్తిని అడుగుటకు ముందు, దానిని మోయగల జీవితమును అడుగుదము. ఆమేన్.