గొంతు చెడినదా, యంత్రము చెడినదా?



ఇంట స్వయముగా కట్టుకొన్న పరికరము మొదటిసారి పలికినప్పుడు కలుగు ఆనందము అనుభవించినవారికే తెలియును. ఆ పలుకు బొంగురుగా, చీలినట్లు వినవచ్చినచో కలుగు నిరుత్సాహమును అంతటిదే. అట్టి సమయమున చేయవలసిన పరీక్షను గూర్చి నేడు ముచ్చటించెదను.

మా అమ్మమ్మకు ఎనుబది ఏండ్లు దాటినవి. ఆమె లాలిపాటలను భద్రపరచవలెనని నేనొక మైకు ప్రీయాంప్లిఫయరు కట్టితిని. మైకునుండి వచ్చు సంకేతము అత్యల్పము. వోల్టులో వేయింట కొన్ని పాళ్లు మాత్రమే. దానిని రికార్డు చేయు యంత్రమునకు చాలునంతగా పెంచుటయే ఈ పరికరము పని. పాట ముగియగానే వినిపించితిని. పగిలిన కుండ మ్రోగినట్లుండెను. ఆమె చిన్నబోయి, "నా గొంతు ఇంత పాడైపోయిందా నాయనా!" అనెను. దోషము గొంతుది కాదని నాకు తెలియును. కాని నిరూపించవలెను గదా!

దోషము ఎప్పుడు వినవచ్చుచున్నదో మొదట గమనింపవలెను. బిగ్గరగా పలికినప్పుడు మాత్రమే చీలినచో సంకేతము మోతాదు మించినదని తలపవచ్చును. మెల్లగా పలికినను చీలినచో ట్రాన్సిస్టరు విశ్రాంతిస్థితియే తప్పియుండవచ్చును. నా పరికరము మెల్లని మాటకును చీలుచుండెను.

అంతట మల్టీమీటరు తీసితిని. బ్యాటరీ 9 వోల్టులది. ట్రాన్సిస్టరు బీసీ 547. ఎవరును మాటాడనప్పుడు కలెక్టరు వద్ద బ్యాటరీలో ఇంచుమించు సగముండవలెను. ఏలయన ధ్వని తరంగము ఇరువైపులకు ఊగును. గోడ ప్రక్కనే కట్టిన ఊయల ఊగగానే గోడకు కొట్టుకొనును గదా! అట్లే చోటు చాలనప్పుడు తరంగపు శిఖరము తెగిపోవును. ఆ తెగుటయే మన చెవికి బొంగురు. నా మీటరు కలెక్టరు వద్ద 1.7, ఎమిటరు వద్ద 1.6 వోల్టులు చూపెను. అనగా ట్రాన్సిస్టరు పూర్తిగా తెరచుకొని అట్లే నిలిచిపోయినదన్నమాట.

కారణము బేసు వద్ద దొరకెను. అచటి రెండు రెసిస్టర్లలో పైది 100 కిలో ఓములు, క్రిందిది 22 కిలో ఓములు ఉండవలెను. 22 కిలో ఓములకు గుర్తు ఎరుపు, ఎరుపు, నారింజ. 220కి ఎరుపు, ఎరుపు, పసుపు. రాత్రి దీపపు వెలుతురున పసుపును నారింజ యనుకొంటిని. మార్చగానే కలెక్టరు వద్ద 4.3, ఎమిటరు వద్ద 1 వోల్టు నిలిచెను.

అయినను తారస్థాయిలో కొంత చీలిక మిగిలెను. ఇది మోతాదు దోషము. కలెక్టరు రెసిస్టరు 4.7 కిలో ఓములు. ఎమిటరు రెసిస్టరు ప్రక్కన కెపాసిటరు ఉన్నందున సంకేతము సుమారు 180 రెట్లు పెరుగుచుండెను. దగ్గరగా పాడు కంఠమునకు అది అధికము. ఆ కెపాసిటరుతో వరుసగా 100 ఓముల రెసిస్టరు చేర్చగా సుమారు 37 రెట్లకు తగ్గెను. మైకును జానెడు దూరము జరిపితిని.

క్రొత్తవారు మొదటనే ట్రాన్సిస్టరును ఊడబెరుకుదురు. అది తగదు. మొదట బ్యాటరీని, పిదప వోల్టేజీలను కొలువవలెను. ఒక్కొక్కసారి ఒక్కటే మార్చి వినవలెను. లేనిచో ఏది రోగమో, ఏది మందో తెలియదు.

మా అమ్మమ్మ ఈ మారు కన్నులు మూసికొని తుదివరకు వినెను. పిమ్మట, "రెండో చరణం తప్పు పాడాను, మళ్లీ పాడతాను, పెట్టు" అనెను.