గుట్టు ఎవరిని కాపాడుతుంది?



పసిబిడ్డలపై అఘాయిత్యం చేసినవాడికి కోర్టు శిక్ష వేస్తుంది. కొన్నేళ్లకు వాడు జైలు నుంచి బయటికొస్తాడు. ఆ తర్వాత వాడిని కనిపెట్టేదెవరు?

బ్రిటన్‌లో దీనికి 2003లో చట్టం చేశారు. విడుదలైనవాడు 3 రోజుల్లోగా పోలీసుల దగ్గరికి వెళ్లాలి. పేరు, పుట్టిన తేదీ, ఉండే చోటు రాయించాలి. ఇల్లు మారితే మళ్లీ 3 రోజుల్లోనే చెప్పాలి. చెప్పకపోతే 5 ఏళ్ల దాకా జైలు.

మన దేశంలోనూ 2018 సెప్టెంబరులో ఇలాంటి నేరస్తుల జాబితా మొదలైంది. అది పోలీసులు చూసుకోవడానికే. ఊరివాళ్లకు చూపించరు.

అయితే ఒక మాట. ఎవరూ ఫిర్యాదు చేయకపోతే వాడి పేరు ఏ జాబితాలోకీ ఎక్కదు. చేసినవాడు చాలాసార్లు తెలిసినవాడే. మామో, బాబాయో, పక్కింటివాడో. "పరువు పోతుంది, గుట్టుగా ఉండండి" అంటారు పెద్దలు. ఆ గుట్టు కాపాడేది బిడ్డను కాదు, వాడిని. రేపు ఇంకో బిడ్డ బలైపోతుంది.

2012లో పోక్సో చట్టం వచ్చింది. 18 ఏళ్లు నిండని ఆడపిల్లలకు, మగపిల్లలకు ఇది రక్ష. విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పితీరాలి. దాచిపెడితే 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. అప్పుడు పోలీసులు యూనిఫారం వేసుకోకూడదు. బిడ్డ పేరు పత్రికల్లో రాయకూడదు.

1098కి ఫోను చేయండి. ఖర్చు లేదు. బిడ్డ చెప్పిన మాట నమ్మండి. తప్పు బిడ్డది కాదు.